చుక్కల తీర్పు

మెదక్,
2 ఫిబ్రవరి 2025

బిడ్డా ఆశ్రితా,

ముందు తిట్లు, తరువాత కుశలం. మళ్లీ ఫోన్ చేశావట, మీ చిన్నమ్మ సువర్ణ చెప్పింది. చేసి ఏం లాభం? మీ బాపు కట్టె నా ఎడమ చెవి మీద పడిన రోజు నుంచి అందులో రైస్‌మిల్లు నడుస్తోంది. కుడి చెవి దాన్ని చూసి తానూ పని మానేసింది. పక్కన నిలబడి అరిస్తే ఏదో వినపడుతుంది గాని ఫోన్లో నీ గొంతు నాకు దోమ పాటే. అందుకని ఉత్తరం రాయి. సెల్లులో అక్షరాలు కొట్టడం నా బొటనవేళ్ల వల్ల కాదు.

ఇక కుశలం. కుల్చారంలో మన పొలాలకు వచ్చే పిల్లకాలువ ముందు మీ బాపు భూమిలోంచే పోతుందని నీకు తెలుసు. ఈ యాసంగిలో ఆయన నడుమ పెద్ద గుంత తవ్వించి కాలువనంతా అందులోకి మళ్లించాడు. కింద నా మడులూ, నీరడి ఎల్లం మడులూ, ఇంకో పది ఇళ్లవాళ్ల మడులూ నెర్రెలు బారాయి. నీళ్లు వదలడమే పనిగా బతికిన ఎల్లం పోయి తూము పలక లేపితే, మీ బాపు మనుషులు గడ్డపారతో అతని ముంజేయి విరగ్గొట్టారు. అది చూసి నా కొడుకు హర్షిత్ గొడ్డలి పట్టుకుని పోయి మీ బాపు మోటారు పైపులు నరికి వచ్చాడు. తెల్లారి నా గడ్డివాము తగలబడింది. ఎవరు పెట్టారో నిప్పునడిగితే చెబుతుంది. ఇదీ మన కుశలం.

మొన్న పెద్దమనిషి అమరేందర్ గారి ఫంక్షన్ హాల్లో పంచాయతీ పెట్టారు. ఏమీ తెగలేదు. మాటల మధ్య ఎవరో, "ఇంద్రకరణ్ బిడ్డ పుణెల ఏం సదువుతున్నది?" అని అడిగారు. చుక్కల గురించి అన్నాను. "జాతకాలా?" అని నవ్వారు. నవ్వినవాడి మీదకు చాయ్ గ్లాసు విసిరాను. తగల్లేదు, ఆ బాధ ఇంకా ఉంది.

బడి చదువంతా మా ఇంట్లో ఉండి చదివిన పిల్లవు. నీ చదువేమిటో చెప్పలేకపోతే నాకు సిగ్గు కాదా? నలుగురిలో చదివేటట్టు రాసి పంపు. మీ తాత పంచాయతీలో చెప్పినట్టు సులువుగా ఉండాలి. ఆయన ఏనాడైనా ఎవరి పేరైనా ఎత్తాడా? అన్నదమ్ములు గట్టు కోసం తలలు పగలగొట్టుకుని వస్తే, కంచె దాటి మేసిన ఎద్దు ముచ్చట ఒకటి చెప్పి బీడీ ముట్టించుకునేవాడు. ఎవరు ఎద్దో వాళ్లకే తెలిసేది. తల వంచుకుని పోయేవారు.

జర తొందరగా రాయి.

నీ చెవిటి చిన్నాయన,
శశిధర్


పుణె,
10 ఫిబ్రవరి 2025

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎల్లం చెయ్యి గురించి చదివాక మాత్రం ఏడుపే వచ్చింది. చిన్నప్పుడు ఆ చేతి మీద కూర్చునే నేను కాలువ దాటేదాన్ని. బాపుకు ఫోన్ చేసి అడిగాను. "నీకెందుకు గివన్ని, నువ్వు సదువుకో" అని పెట్టేశాడు. మీరిద్దరూ ఒకరి ఎముకలు ఒకరు విరగ్గొట్టుకుంటుంటే నేనిక్కడ సదువుకోవాలట.

సరే, నా చదువే రాస్తాను. జాతకాలు కావని అమరేందర్ గారికి చెప్పు.

గెలాక్సీ అంటే లెక్కకు అందనన్ని నక్షత్రాల కుటుంబం. మన పాలపుంత అలాంటిదే ఒకటి. నక్షత్రాలు చల్లని వాయువులోంచి పుడతాయి. వాయువు తన బరువుకు తానే కూలి ముద్దయితే, ఆ ముద్ద మండుతుంది. అదే నక్షత్రం. నేను వెతికేదల్లా, గెలాక్సీ ఆకారాన్ని బట్టి అందులో పుట్టుక ఎందుకు మారుతుందన్నదే.

కొన్ని గెలాక్సీలు పళ్లెంలా పలచగా పరుచుకుని, చేతులు చాచి తిరుగుతాయి. వాటిలో ఆ చేతుల చివరిదాకా కొత్త నక్షత్రాలు పుడుతూనే ఉంటాయి. కొన్నిటికి నడుమ పెద్ద ఉబ్బు ఉంటుంది. అందులో అన్నీ ముసలి నక్షత్రాలే. ఆ ఉబ్బు బరువు చుట్టూ ఉన్న వాయువును ముద్ద కట్టనివ్వదు. వాయువు కళ్ల ముందే ఉంటుంది గాని పుట్టుక ఉండదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ సంగతి. ఇంకొన్నిటిలో నడుమ గుండా దూలం లాంటి ఆకారం ఒకటి ఏర్పడుతుంది. అది చుట్టుపక్కల వాయువునంతా నడుమకు లాగేస్తుంది. నడుమ కొంతకాలం భగభగా మండుతుంది. దూలం తిరిగిన మేరంతా ఎండిపోతుంది. లాక్కున్నదంతా అయిపోయాక నడుమ కూడా చల్లారుతుంది.

ఇది చదివితే వాళ్లకు అర్థమవుతుందా? కాకపోతే రాయి, ఇంకో విధంగా చెబుతాను. చెవికి చుక్కల మందు మానకు.

నీ
ఆశ్రిత


మెదక్,
18 ఫిబ్రవరి 2025

నా బంగారు బిడ్డా,

నిన్ను బడికి సైకిలు మీద తీసుకుపోయిన కాళ్లకు నేనే దండం పెట్టుకుంటున్నాను.

ఆదివారం మళ్లీ పంచాయతీ కూర్చుంది. నేను లేచి, మా పిల్ల చదువు ఇదీ అని నీ ఉత్తరం మొదలుపెట్టాను. చెవిటివాణ్ని కదా, నా గొంతు రాందాస్ చౌరస్తా దాకా వినిపించి ఉంటుంది. ముందు నవ్వారు. 'నడుమ ఉబ్బు' దగ్గర నవ్వు ఆగింది. 'చుట్టుపక్కల వాయువునంతా నడుమకు లాగేస్తుంది' అన్న చోట హాల్లో ఒక్కరూ కదల్లేదు. అప్పటిదాకా నాకే తట్టలేదు బిడ్డా, తట్టాక ఆ వాక్యం మళ్లీ చదివాను. అమరేందర్ గారు కళ్లద్దాలు తీసి, "ముసలాయన లేచొచ్చినట్టే ఉన్నది. పేరు లేదు, తీర్పున్నది" అని నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు.

మీ బాపు నా చేతిలోంచి కాగితం గుంజుకున్నాడు. అక్షరాలు చూశాడు. "నా బిడ్డనేనా గిట్ల రాసింది?" అన్నాడట. తరువాత ఇనుప కుర్చీ ఎత్తాడు. అది నాకు తగలాల్సింది, వంగాను గనక వెనకున్న ఎల్లం తమ్ముడి నెత్తిన పడింది. నెత్తురు అతని కళ్లలోకి కారింది. ఇక చూడు, పెళ్లిళ్లకు వాడే గరిటెలూ గంగాళాలూ అన్నీ గాలిలోనే. నేనూ ఒకణ్ని గోడకేసి గుద్దాను, అబద్ధం ఎందుకు, హాయిగా ఉండింది.

కన్నతండ్రని కూడా చూడకుండా న్యాయం పక్కన నిలబడ్డావు. అంత ధైర్యం నాకే లేదు. ఇక ఒక్కటి చెప్పు. రోగం చెప్పావు, మందు చెప్పలేదు. అట్లా నడుమ పట్టుకుపోయిన గెలాక్సీలో మళ్లీ పుట్టుక మొదలవ్వాలంటే ఏం జరగాలి?

శశిధర్


పుణె,
20 ఫిబ్రవరి 2025

చిన్నాయనా,

నీ జవాబు ఇంకా అందలేదు. సంతోషం ఆపుకోలేక ముందే రాస్తున్నాను. ఇన్నాళ్లూ చేసిన పని ఇవాళ ఫలించింది. మా గైడ్ మేడమ్ మెచ్చుకుంది. ఆమె మెచ్చుకోవడమంటే మన మెదక్‌లో మంచు కురవడం.

నిమ్మళంగా ఉన్న గెలాక్సీలు ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు ఏమవుతుందో చూస్తున్నాను. నక్షత్రాలు ఒకదానికొకటి తగలవు. వాటి మధ్య అంత ఖాళీ ఉంటుంది, ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. వాయువుకు మాత్రం ఆ అదృష్టం లేదు. మేఘాలు మేఘాలు ఢీకొని నలిగిపోతాయి. చేతులు తెగి దూరంగా విసిరేసినట్టు పడతాయి. ఆ విధ్వంసంలో, ఎన్నో కోట్ల ఏళ్లుగా స్తంభించిన వాయువు ఒక్కసారిగా కూలి కొత్త నక్షత్రాలు కుప్పలు కుప్పలుగా పుడతాయి. నా దగ్గరున్న గెలాక్సీల్లో చాలావాటిలో అదే కనిపించింది. మామూలుగా పుట్టేదానికి ఎన్నో రెట్లు! తెర మీద ఆ నీలి వెలుగు చూసి గట్టిగా అరిచాను. పక్క బల్ల అమ్మాయి కృతిక పాము వచ్చిందనుకుంది.

ఆ తరువాత ఆ గెలాక్సీ గతి ఏమవుతుందన్నది ఇంకా చూడాలి. ఆ లెక్క వచ్చే నెల.

ఆశ్రిత


పుణె,
25 ఫిబ్రవరి 2025

చిన్నాయనా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. నేను తీర్పు చెప్పలేదు! నువ్వు నా చదువు అడిగావు, నా చదువు రాశాను. అది ఆకాశంలో ఉన్న గెలాక్సీల గురించి. బాపు గురించి కాదు, గుంత గురించి కాదు, ఎవరి గురించీ కాదు. నాకు నీ మీద మండిపోతోంది.

బాపు ఫోన్ ఎత్తడం లేదు. చిన్నమ్మ ఎత్తింది. తీర్పు కాదు చిన్నమ్మా అని మొత్తుకున్నాను. ఆమె ఏమందో తెలుసా? "మీ తాత గూడ గట్లనే అనేటోడు బిడ్డా. నేనేమన్న, ఎద్దు ముచ్చట చెప్పిన అని." కాదని అనేకొద్దీ అవునని నమ్ముతున్నారు. ఏం మనుషులు మీరు!

నేను మొన్న ఇంకో ఉత్తరం వేశాను. గుద్దుకోవడం గురించి. అది అందితే చించెయ్. ఎవరి ముందూ చదవకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

ఆశ్రిత


మెదక్,
4 మార్చి 2025

బిడ్డా,

నువ్వు చించెయ్యమన్న ఉత్తరం గురువారం అందింది. చించెయ్యమని చెప్పిన ఉత్తరం ఇవాళ అందింది. మధ్యలో ఆదివారం ఉండింది.

అంతా రాస్తాను. వార్త నీకు ముందే అంది ఉంటుంది గాని నా నోటి నుంచి వినాలి. మందు అడిగాను, 'గుద్దుకోవాలి' అని వచ్చింది. నేనింకేం అనుకోవాలి? హాల్లో చదివాను. అమరేందర్ గారు తల పట్టుకున్నాడు గాని వద్దనలేదు. కింది మడుల వాళ్లంతా సోమవారం తెల్లారకముందే గొడ్డళ్లూ కొడవళ్లూ పట్టుకుని వచ్చారు. హర్షిత్ ట్రాక్టరెక్కాడు. మీ బాపు మనుషులు గట్టు మీద రాళ్లు కుప్ప పోసుకుని ఉన్నారు. నా పక్కనే ఒకడి దవడ ఊడి వేలాడింది. ఇంకొకడు తెగిన వేళ్లను రెండో చేత్తో పట్టుకుని తూము దాకా పరుగెత్తాడు. నేను కొట్టాను. ఎవరిని కొట్టానో చూడలేదు. నా చెవుల్లో ఏ అరుపూ లేదు, రైస్‌మిల్లు ఒక్కటే. అందుకే ఎక్కువ కొట్టానేమో.

హర్షిత్ గుంత గట్టును ట్రాక్టరుతో గుద్దాడు. గట్టు తెగింది. మీ బాపు అడ్డం వచ్చాడు. పిల్లవాడు ఆపలేకపోయాడో, ఆపలేదో, నేను వాణ్ని అడగలేదు. ముందు చక్రం మీ బాపు కుడి కాలు మీద నుంచి పోయింది. ఆయన నోరు తెరుచుకోవడం చూశాను. వినలేదు. మా అన్న అరుపు నేను వినలేదు బిడ్డా.

నీళ్లు కింది మడుల దాకా పారాయి. మొదట ఎర్రగా వచ్చాయి. నీ చుక్కలు ఒకదానికొకటి తగలవన్నావు. మావి తగిలాయి.

హర్షిత్‌ను నిన్న పోలీసులు తీసుకుపోయారు. నీ రెండు ఉత్తరాలూ ఎస్సై తీసుకుని, "ఈ ప్లాన్ రాసిందెవరు?" అని అడిగాడు. ప్లాన్ కాదు సార్, చదువు అన్నాను. నవ్వాడు.

శశిధర్


హైదరాబాద్,
13 మార్చి 2025

చిన్నాయనా,

దవాఖాన వరండాలో కూర్చుని రాస్తున్నాను. బాపు కాలు మోకాలి పైకి తీసేశారు. లోపల చీము పట్టింది, తీయకపోతే ప్రాణమే పోయేదన్నారు.

నిన్న పూర్తిగా తెలివి వచ్చింది. నేను గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాను. నా వైపు చూసి, అమ్మతో, "యశోదా, గామెను బయటికి పొమ్మను" అన్నాడు. పేరు పెట్టి కూడా పిలవలేదు. నేను కదలకపోతే చేత్తో గ్లాసును కొట్టాడు. గాజు పెంకు గుచ్చుకుని నా బొటనవేలు తెగింది. ఆ నెత్తురు చూసి కూడా ఆయన ముఖం మారలేదు. అమ్మ నన్ను పక్కకు తీసుకుపోయి, "నువ్వన్నా జర ఆలోచించి రాయకపోతివి" అంది. అమ్మ కూడా!

నీ మీద నాకు ఎంత కోపం ఉందో రాయడానికి మాటలు లేవు. నీకు రెండో కాలు ఉండటమే తప్పనిపించేంత కోపం. కాని ఈ ముడి వేసింది నువ్వే, విప్పగలిగేదీ నువ్వే. వచ్చి బాపు ముందు నిలబడి చెప్పు. నీ బిడ్డ చుక్కల గురించి రాసింది, దాన్ని నీ మీదకు తిప్పింది నేను అని నీ నోటితో చెప్పు. హర్షిత్ కేసు పాడవుతుందని ఆలోచించకు. నీ పరువు పోతుందని ఆలోచించకు. నాకు మా బాపు కావాలి. అంతే.

రేపు పుణె పోతున్నాను. నేనిక్కడ ఉంటే ఆయన అన్నం ముట్టనంటున్నాడు. నెలాఖరుకు మెదక్ తీసుకుపోవచ్చట.

ఆశ్రిత


మెదక్,
31 మార్చి 2025

బిడ్డా ఆశ్రితా,

మొన్న పోయాను. కుల్చారం పోవడం ఇష్టం లేక మీ బాపు మెదక్‌లోనే, బస్టాండు వెనక మీ మేనమామ ఇంట్లో ఉంటున్నాడు. నన్ను చూసి పక్కనున్న స్టీలు చెంబు విసిరాడు. నుదుటికి తగిలింది. తగలనిచ్చాను.

కింద కూర్చుని చెప్పాను. "అన్నా, అది తీర్పు కాదు. పిల్ల చుక్కల గురించే రాసింది. నేనే దాన్ని పొలంల వెట్టిన. తప్పు నాది" అన్నాను. నాకు వినపడాలని ఆయన అరిచాడు. వీధంతా విన్నది. ఆయన అన్న ప్రతి మాటా నీకు రాస్తున్నాను, ఒక్కటి కూడా దాచను.

"అబద్ధాలాడకు శశీ. గది ఉత్త చుక్కల ముచ్చటైతే నా కాలెందుకు పోయింది? మెదక్‌ల ఎవడన్నా అడిగితే ఏం చెప్పాలె? చుక్కల కోసం పోయిందని చెప్పాల్నా? నా బిడ్డ తీర్పు చెప్పింది. నేను ఇనలే. కాలు పోయింది. గట్లైతే దానికొక అర్థమున్నది. తూము పలక లేపుమని మనుషులకు చెప్పిన, పోయి చూసుకో, పారుతున్నది."

పారుతోంది, నిజమే. నేను చూసి వచ్చాను. నాకు సంతోషం కలగలేదు.

పిల్లను రానివ్వన్నా అన్నాను. దగ్గరకు జరగమని చేత్తో సైగ చేసి మళ్లీ అరిచాడు.

"తీర్పు చెప్పిన బిడ్డనైతే ఎదురుంగ కూసోబెట్టుకొని తిడ్త. చేతికందితే కొడ్త. కడుపుల మంట సల్లారినంక బువ్వ తిన్నవా అని అడుగుత. ఏం చెయ్యని బిడ్డనైతే ఏం జెయ్యాలె నేను? ఏమని తిట్టాలె? ఏమని మాఫ్ చెయ్యాలె? తీర్పు నాదే అని రాయమను. రాస్తే రమ్మను. లేకుంటే ఆ చుక్కల్నే చూసుకుంట ఆన్నే ఉండుమను."

ఇదీ ఆయన షరతు. నేను చేసిన పాపానికి నువ్వు సంతకం పెట్టాలట. బిడ్డా, ఎస్సై ఇంకా నీ గురించి అడుగుతూనే ఉన్నాడు. ఆ మాట కాగితం మీద పెట్టావంటే హర్షిత్ పక్కన నీ పేరూ చేరుతుంది, నీ చదువు మట్టిలో కలుస్తుంది. రాయకు అని చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆయన రోజూ గుమ్మం వైపు తిరిగి కూర్చుంటున్నాడని మీ అమ్మ చెప్పింది, అందుకని రాయకు అని కూడా గట్టిగా అనలేకపోతున్నాను.

నన్ను క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

శశిధర్


పుణె,
8 ఏప్రిల్ 2025

చిన్నాయనా,

ఎన్ని కాగితాలు చించానో. అబద్ధం రాయడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఒక్క అంకె అటూ ఇటూ అయినా తప్పని మాకు నేర్పిస్తారు. మా గైడ్ మేడమ్‌కు అంతా చెప్పాను. రాస్తే ఏమవుతుందో ఆమె నెమ్మదిగా వివరించింది. అన్నీ విన్నాను. కళ్లు మూసుకుంటే మాత్రం బాపు గుమ్మం వైపు తిరిగి కూర్చున్నదే కనిపిస్తోంది.

గీత కింద ఉన్నది బాపు ముందు చదువు. గట్టిగా, వీధి వినేటట్టు. చదివాక ఎస్సైకి ఇస్తావో, పొయ్యిలో వేస్తావో బాపు ఎట్లా చెబితే అట్లా చెయ్యి.

_______________

నేను ఇంద్రకరణ్ రెడ్డి బిడ్డను, ఆశ్రితను.

ఫిబ్రవరిలో నేను రాసింది తీర్పు. నడుమ కూర్చుని పారే నీళ్లనంతా తన గుంతలోకి లాక్కున్న మనిషి గురించి రాశాను. ఆ మనిషి మా బాపు అని తెలిసే రాశాను. గుద్దుకొమ్మని రాసింది కూడా నేనే. గెలాక్సీలు పేరుకే. ఆకాశం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

బాపూ, నీ కాలు నా మాట మీద పోయింది.

20వ తేదీ ఆదివారం పొద్దున బస్సు దిగుతాను. నీ చెయ్యి అందేంత దగ్గరగా వచ్చి కూర్చుంటాను.

ఆశ్రిత